వెలుతురునకు వెల

నగరమందలి మేడలో ఒక ఫ్లాటు కొన నెంచినవారు మొట్టమొదట అడుగునది దిక్కు. హైదరాబాదులోనైనను విజయవాడలోనైనను తూర్పుముఖమనగానే అమ్మువాడు ధర కొంత హెచ్చించి చెప్పును. కొనువాడు మారుమాటాడక యొప్పుకొనును. సూర్యుడు పొడుచు దిక్కు గదా, వెలుతురు కొఱకే యీ యదనపు సొమ్మని అతని నమ్మకము. కాని యీ లెక్కలో ముఖమనగా సింహద్వారము చూచు దిక్కు మాత్రమే. మేడలలో ఆ తలుపు తెఱచుకొనునది వీథిలోనికి గాదు, లిఫ్టునొద్ది నడవలోనికి. అచ్చట పట్టపగలును దీపము వెలుగుచుండుట మామూలు. గదులలోనికి వెలుతురు తెచ్చునవి కిటికీలు, బాల్కనీ. తలుపు తూర్పుననున్నచో బాల్కనీ తఱచుగా పడమట వచ్చును. ప్రాతఃకాలపు కాంతికని ధర చెల్లించి, వైశాఖమాసపు మూడుగంటల యెండను ఇంటికి తెచ్చుకొనుట యన్నమాట!

మన పెద్దలు దిక్కు చూచుట నిరర్థకమని నేననను. మండువా లోగిలిలో వాకిలి ఎటు తిరిగియున్నను ఇంటి నడుమ ఆకాశము తెఱచియుండెడిది. ఆ యింటికి పొసగిన లెక్కను తొమ్మిదవ అంతస్తున కతికించుటయే చిక్కు.

వెలుతురునకు నిజముగా వెల గలదా? కలదు, దానిని కొలిచినవారును కలరు. న్యూజిలాండు రాజధానియగు వెల్లింగ్టను కొండల నడుమనున్న చలిగాలుల నగరము. అచ్చట 2008 మొదలు 2014 వఱకు అమ్ముడైన యిండ్లను పరిశీలించిన ఆర్థికవేత్తలు, దినమునకొక గంట నేరుటెండ అధికముగా లభించిన యింటికి ధర సుమారు 2.6 శాతము హెచ్చునని తేల్చిరి. న్యూయార్కునందలి మన్‌హటనులో కార్యాలయముల అద్దెలను గూర్చి 2020లో వెలువడిన మఱియొక పరిశోధన, పగటి వెలుతురు సమృద్ధిగా గలవానికి 5, 6 శాతము అద్దె యెక్కువ పలుకునని చూపినది.

చలిదేశపు లెక్క మనకు యథాతథముగా చెల్లదు. మనకు వెలుతురు వేఱు, ఎండ వేఱు. హైదరాబాదు భూమధ్యరేఖకు ఉత్తరముగా 17 డిగ్రీలకు పైబడియున్నది. చలికాలపు మధ్యాహ్నమున సూర్యుడు దక్షిణమునకు వాలియుండుటచే దక్షిణపు కిటికీలోనికి వెచ్చని యెండ వచ్చును. నడివేసవిలో నడినెత్తికి వచ్చును గనుక చిన్న సన్‌షేడు అడ్డమున్న చాలును. ఉత్తరపు కిటికీ దినమెల్ల నిలుకడగల వెలుతురు నిచ్చును. పడమటి కిటికీ మాటయే వేఱు. అస్తమయమునకు ముందు ఏటవాలుగా దూసుకువచ్చు ఎండను ఏ సన్‌షేడును ఆపజాలదు. కరెంటు బిల్లు దానికి సాక్షి. ఇక వింత యేమనగా, దక్షిణముఖమని జంకి కొనువారు వెనుదీయు ఫ్లాటునకు ఉత్తరపు బాల్కనీ యుండుట కద్దు. యముని దిక్కునకు భయపడనివానికి అది లాభపు బేరమే.

ఇంతకన్న పెద్ద చిక్కొకటి కలదు. మన కిటికీలోని వెలుతురు మన స్థలమునుండి రాదు, పొరుగువాని స్థలము మీదుగా వచ్చును. న్యూయార్కున 1915లో ఈక్విటబుల్ భవనము దాదాపు 40 అంతస్తులతో, పైకిపోయినకొలది వెనుకకు తగ్గక, నిట్టనిలువుగా లేచినది. దాని నీడ 7 ఎకరముల మేర పడినదని లెక్కగట్టిరి. అద్దెలు పడిపోవుచున్నవి, పన్ను తగ్గింపుడని ఇరుగుపొరుగువారు మొఱపెట్టుకొనిరి. ఎత్తయిన కట్టడములు పై అంతస్తులలో వెనుకకు తగ్గవలెనను నిబంధన 1916లో వచ్చినది. అయినను ఎండపై ఎవరికిని హక్కు లేదని ఫ్లోరిడా న్యాయస్థానము 1959లో తేల్చినది. మయామీ బీచిలో ఒక హోటలు 14 అంతస్తుల కట్టడము లేపి, పక్క హోటలు ఈతకొలను మీద నీడ పడవేసిన వ్యాజ్యమది.

మన చట్టము అంత కఠినము గాదు. 1882 నాటి ఈజుమెంటుల చట్టము ననుసరించి, 20 సంవత్సరములు నిరాటంకముగా ననుభవించిన వెలుతురుపై ఆ కట్టడమునకు హక్కు కలుగును. ఇంటిఋణపు గడువును తఱచుగా 20 సంవత్సరములే! నెలనెల కిస్తు కట్టు గుమాస్తాకు అప్పు తీరునాటికిగాని కిటికీ మీద హక్కు కుదరదు. ఈలోగా ప్రక్క ఖాళీ స్థలమున పునాది త్రవ్విరా, అతడు వెలుతురునకని యిచ్చిన సొమ్ము పోయినట్లే. అమ్మినవాడు దానిని తిరిగి యీయడు. పత్రములో చదరపు అడుగులు వ్రాసియుండును, వాటా స్థలము వ్రాసియుండును, కిటికీలోని ఆకాశము వ్రాసియుండదు.

కొనువారు పంచాంగముతోబాటు దిక్సూచి నొకదానిని తీసికొనిపోయి బాల్కనీలో నిలువవలెను. మేఘావృతమైన దినమున, దీపములార్పించి, లోపలి పడకగదిలో వార్తాపత్రిక తెఱచి చూడవలెను. ప్రక్క ఖాళీ స్థలమెవరిదో, అందెన్ని యంతస్తులు లేవవచ్చునో పురపాలక కార్యాలయమున విచారింపవలెను. క్రింది అంతస్తు చవుకయని తీసికొనువారికి ఈ విచారణ మఱింత అవసరము; గోడ లేచినపుడు ముందుగా చీకటిపడునది వారి వంటగదియే.