మాత్ర మానలేదు, పరీక్ష మానేశారు!

"ఒంట్లో బాగానే ఉంది కదా డాక్టరు గారూ, మళ్లీ రక్త పరీక్ష ఎందుకండీ?" రాజాంలో నేను తరచూ వినే మాట ఇది. విశాఖ వెళ్లి గుండెలో లోహపు కవాటం వేయించుకున్నవారు కొన్ని నెలలు శ్రద్ధగా వస్తారు. తరవాత మాత్ర మింగుతూనే ఉంటారు గాని, పరీక్ష మానేస్తారు. ప్రమాదమంతా అక్కడే.

వార్‌ఫరిన్, ఎసిట్రోమ్ మాత్రలు నిజానికి రక్తాన్ని పలచన చెయ్యవు. విటమిన్ 'కె' పనికి అడ్డుపడి, రక్తం గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తాయి. ఎంత ఆలస్యమో చెప్పేదే ఐ.ఎన్.ఆర్. పరీక్ష. మామూలు మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. మైట్రల్ చోట లోహపు కవాటం ఉంటే సాధారణంగా 2.5 నుంచి 3.5 ఉండాలి. తగ్గితే కవాటం మీద గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. బాగా పెరిగితే మెదడులో రక్తస్రావం కావచ్చు. ఈ తేడా పైకి తెలియదు.

రక్తం తీసేటప్పుడు గొట్టంలో గీత దాకా నింపారో లేదో చూడండి. తక్కువైతే లెక్క తప్పుతుంది.

గోంగూర, తోటకూర మానక్కర్లేదు. ఒక వారం రోజూ తిని, మరో వారం ముట్టకపోవడమే చిక్కు. మోకాళ్ల నొప్పులకు షాపులో అడిగి బిళ్లలు మింగకండి. విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్ కూడా ఐ.ఎన్.ఆర్.ను ఎక్కించేస్తుంది. కొత్త మందు ఏది రాసినా, మీరు వాడే మాత్ర పేరు ముందు చెప్పండి. కొద్ది రోజుల్లోనే పరీక్ష చేయించుకోండి. మలం తారులా నల్లగా వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి రండి.