రెండవ కాన్పు భయం

తొలికాన్పు పుట్టింటివారి బాధ్యత అన్నది మన ఆచారం. రెండవ కాన్పుకు ఆ ఆసరా అందరికీ దొరకదు. రాయపూరులోని మోవా వంటి దూరపు పేటలో కాపురముంటున్న తెలుగు ఇల్లాలికి తల్లి పక్కన ఉండదు. పైగా మొదటి పురుడు ఆమెను చావు అంచుదాకా తీసుకువెళ్ళి ఉంటే? నెల తప్పిందనగానే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. ఆమెకు మాత్రం పాత పురిటిగది కలలోకి వస్తుంది. ఆసుపత్రి వాసనకే చేతులు చల్లబడతాయి. “ఒకసారి కన్నదానివి, నీకు భయమేమిటి?” అంటారు పెద్దలు. కన్నది గనుకనే భయం!

వైద్యులు దీనిని టోకోఫోబియా అంటారు. తొలికాన్పుకు ముందే ఉండే భయం వేరు, చేదు అనుభవం మిగిల్చిన భయం వేరు అని 2000లో బ్రిటన్ వైద్యులు హాఫ్‌బర్గ్, బ్రాకింగ్టన్ వివరించారు. భయంతో శరీరం బిగుసుకుంటుందనీ, ఆ బిగువు నొప్పిని పెంచుతుందనీ, నొప్పి తిరిగి భయాన్ని పెంచుతుందనీ గ్రాంట్లీ డిక్-రీడ్ అంతకు చాలా ముందే చెప్పాడు. పురిటినొప్పినంతా భయం ఖాతాలోనే వ్రాయడం అతిశయోక్తి. అయినా ఆ వలయం అబద్ధం కాదు.

దానిని తెంచే పని వినడంతో మొదలవుతుంది. నర్సో, వైద్యురాలో తీరికగా కూర్చుని, వెనుకటి కాన్పు కాగితాలు ముందు పెట్టుకుని, ఆనాడు ఏది ఎందుకు జరిగిందో విడమరచి చెప్పాలి. తన లోపంవల్లనే అలా జరిగిందని ఏళ్ళతరబడి కుమిలిన స్త్రీకి ఆ వివరణే సగం మందు. అయితే ఆమెచేత బలవంతాన చెప్పించరాదు. ఆ దృశ్యాలు పదేపదే కళ్ళకు కట్టి బాధిస్తుంటే మానసిక చికిత్సకుల సాయం కావాలి. ఈసారి నొప్పులు ఎలా తగ్గిస్తారు, ఆపరేషను ఎప్పుడు అవసరమవుతుంది, పక్కన ఎవరుంటారు అన్నవి ముందే మాట్లాడుకోవాలి.

పక్కన మనిషి ఉండడం చిన్న విషయం కాదు. గ్వాటెమాలాలో తొలిచూలు స్త్రీలపై జరిపి 1980లో ప్రకటించిన పరిశీలనలో, తోడున్నవారికి ప్రసవం సగటున 8.8 గంటల్లో, లేనివారికి 19.3 గంటల్లో అయింది. అమ్మమ్మలకు ఈ సంగతి తెలియనిదా! ఆసుపత్రులే మరచిపోయాయి. మన ప్రభుత్వాసుపత్రుల పురిటిగదిలోకి తోడు మనిషిని కేంద్రం అనుమతించినది 2016లో. హైదరాబాదులో ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011 నుండి కాన్పు సేవకై ప్రత్యేకంగా నర్సులకు శిక్షణ ఇస్తున్నది. 2017లో ఆ శిక్షణ కరీంనగరు ప్రభుత్వాసుపత్రికీ చేరింది.

అటువంటి నర్సు లేనిచోట టెలిఫోను ఉన్నది. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416కు మోవా నుండి కూడా ఉచితంగా మాట్లాడవచ్చును, తెలుగులోనే.