జాఱిన కృత్రిమ తుంటికీలు: సత్వర చికిత్స

అరిగిన తుంటికీలునకు బదులుగా కృత్రిమకీలు నమర్చు పద్ధతికి 1962లో ఇంగ్లండునందలి రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ స్థిరమైన రూపము నొసగెను. ఉక్కు బంతి ప్లాస్టిక్ గిన్నెలో తిరుగుట ఇందలి విశేషము.

ఈ బంతి యొక్కొక్కప్పుడు గిన్నెనుండి జాఱిపోవును. శస్త్రచికిత్స జరిగిన తొలి మూడు నెలలలో ఈ ప్రమాద మెక్కువ. పల్లపు పీటపై కూర్చుండుట, గొంతుకు కూర్చుండుట దీనికి దారితీయవచ్చును. తీవ్రమైన నొప్పి కలుగును, కాలు పొట్టియై, తరచుగా లోపలికి తిరుగును, నిలువబడుట యసాధ్యమగును.

ఆలస్యమైన కొలది కండరములు బిగిసి, బంతిని స్వస్థానమునకు చేర్చుట కష్టమగును. కీలు వెనుకనున్న పెద్దనరముపై ఒత్తిడియు నిలిచియుండవచ్చును. అయినను ఎక్స్‌రే కొరకు కొంత, శస్త్రచికిత్సాగారము ఖాళీ యగుటకు మరికొంత కాలము వృథాయగుట కలదు. పెక్కు సందర్భములలో కోత యవసరము లేదు. అత్యవసర విభాగముననే మత్తుమందిచ్చి, శ్వాసను రక్తపోటును కనిపెట్టుచు, శిక్షణ పొందిన వైద్యుడు కాలును లాగి సరిచేయగలడు. దీనికి ముందును పిదపను పాదము కదలికను, స్పర్శను, నాడిని పరీక్షింపవలెను. ఎముక విరిగియున్నచో మాత్రము శస్త్రచికిత్సాగారమే శరణ్యము.

ఇంటివారు కాలును లాగరాదు. కట్టువైద్యునికడ కాలయాపన చేయరాదు. నోటి కేమియు నీయక, పూర్వపు శస్త్రచికిత్స కాగితములతో రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చుటయే వారి కర్తవ్యము.