మీకు తెలుసా? కరెంటు తీగలో కబుర్లు!

ఆటోనగర్‌లో వెల్డింగ్ మిషన్ చుర్రుమంటే చాలు, పక్క షెడ్డులో బల్బు మినుక్కుమంటుంది. అంత గోల మోసే ఆ 230 వోల్టుల తీగలోంచే మీటరు రీడింగు పంపొచ్చు, తెలుసా? వేరే వైరు అక్కర్లేదు. సిమ్మూ అక్కర్లేదు!

వేగం ఎంతంటారా? ఒక పాత పద్ధతిలో మహా అయితే సెకనుకు 2,400 బిట్లు! ఆ లెక్కన మీ ఫోనులోని 2 ఎంబీ ఫొటో వెళ్లాలంటే దాదాపు రెండు గంటలు. రీడింగంటే నాలుగైదు అంకెలేగా, చిటికెలో పోతుంది! పైగా నిదానంగా పంపితే ఆ కబురు చదివే చిప్పుకు తీరిక. చిన్నది, చవకది చాలు!

మన కరెంటు సెకనుకు 100 సార్లు సున్నా వోల్టులకు దిగుతుంది. ఆ సందు చూసి కబురు దూర్చేస్తే? 1975లో స్కాట్లండ్‌లోని పికో ఎలక్ట్రానిక్స్ మొదలుపెట్టిన ఎక్స్‌10 పద్ధతి చేసిందదే. ఒక్కో కూత మిల్లీసెకను మాత్రమే!

ఇక అసలు గమ్మత్తు వినండి! ఎక్స్‌10 సంకేతం 120 కిలోహెర్ట్‌జ్. దాన్ని సరిగ్గా నాలుగు రెట్ల వేగంతో, అంటే సెకనుకు 4,80,000 సార్లు కొలిచామనుకోండి. ఆ సంకేతాన్ని పట్టుకోవడానికి చిప్పు గుణించాల్సిన అంకెలు ఇవే: 0, 1, 0, -1. సున్నా అయితే వదిలెయ్. ఒకటైతే ఉంచెయ్. మైనస్ ఒకటైతే గుర్తు మార్చెయ్. గుణకారమే మాయం!

ఆగండి, ఇంకా ఉంది! సెకనుకు 1,60,000 సార్లే కొలవండి. పని మూడో వంతుకు పడిపోయింది. అయినా అవే అంకెలు, వరుస మాత్రం తిరగబడుతుంది, అంతే! ముందు ఒక మంచి ఫిల్టరు ఉంటే చాలు. నన్నడిగితే ఇంతకన్నా అందమైన పిసినారితనం లేదు!

తీగలోని గోలలో ఒక్క స్వరమే పట్టుకోవాలా? 1958లో శాస్త్రవేత్త గెరాల్డ్ గోర్ట్‌జెల్ దారి చూపించారు. కొలతకు ఒక్క గుణకారం! లేత్‌ల రొదలో కూడా ఓనరు కేక కుర్రాడి చెవిన పడ్డట్టే!

లారీల్లోనూ ఈ కిటుకుంది! అమెరికాలో 2001 నుంచి కొత్త ట్రైలర్లో ఏబీఎస్ బ్రేకుల వ్యవస్థ చెడితే క్యాబిన్‌లో లైటు వెలగాలన్నారు. లారీనీ ట్రైలరునూ కలిపే కనెక్టర్‌లో 7 పిన్నులే. ఎనిమిదోది పెట్టలేదు! కరెంటిచ్చే తీగమీదే కబురు పంపేశారు. మన ఆటోనగర్ ఎలక్ట్రీషియన్ అయితే ఇంకో వైరు లాగేసేవాడేమో!

అసలు లెక్కే చెయ్యని పెద్దన్న ఒకడున్నాడు! విజయవాడ దగ్గరి నున్నలో 400 కేవీ సబ్‌స్టేషన్ ఉందిగా? అలాంటి చోట్ల హైటెన్షన్ తీగల మీదే ఇంజనీర్లు ఫోన్లు మాట్లాడుకున్నారు. చిప్పూ లేదు, ప్రోగ్రామూ లేదు! ఆ మాటలు లోపలి యంత్రాల్లోకి జారిపోకుండా ఆపే పెద్ద తీగచుట్టే వేవ్ ట్రాప్. ఈసారి అటు వెళ్తే తల పైకెత్తి వెతకండి. కంచె బయటి నుంచే సుమా!