నడుముకు పెట్టుకునేది చేనుకు పనికొస్తుందా?

బళ్లారి: కాయ పట్టిందంటే చాలు, కంప్లి, సండూరు వైపు చేలల్లో రాత్రి కాపలా మొదలవుతుంది. తాతల నాటి నుంచి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు రైతులకు మంచె, ఒడిసెల కొత్తేమీ కాదు. అడవిపందుల మంద ఒక్క రాత్రి పడితే పెట్టుబడంతా మట్టిపాలే. పైగా దరోజి గుట్టల్లో ఎలుగుబంట్లు. 1994లో వాటి కోసమే అభయారణ్యం ఏర్పాటైంది. అందుకే ‘నడుముకో రివాల్వర్ ఉంటే ధైర్యంగా పోవచ్చు’ అనే మాట రచ్చబండ దగ్గర అప్పుడప్పుడూ వినిపిస్తుంటుంది. అయితే ఆ ధైర్యం ఎంతవరకు?

దేనికి ఏది?

1959 నాటి ఆయుధాల చట్టం పంట కాపలాకు ముందుగా చెప్పింది మందు కూరి పేల్చే తుపాకీని. ఆత్మరక్షణకైతే 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న తుపాకీని పేర్కొంది. రివాల్వరో, పిస్టలో కావాలంటే వృత్తి, వ్యాపారం రీత్యా ప్రాణానికి, ఆస్తికి రక్షణ నిజంగా అవసరమని డి.సి. ఆఫీసులో చూపించుకోవాలి. 9 ఎం.ఎం., .38 బోరు సామాన్యులకు నిషిద్ధం. ఎక్కువమంది తీసుకునేది .32 బోరే.

రివాల్వర్‌లో సాధారణంగా ఆరు తూటాలు. ఒకటి పేలకపోయినా మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే తర్వాతిది ముందుకొస్తుంది. పిస్టల్ పలచగా ఉంటుంది, చొక్కా కింద కనపడదు. కానీ తూటా ఇరుక్కుంటే సరిచేసే అలవాటు ఉండాలి. కాన్పూరులో తయారై 2014లో వచ్చిన ‘నిర్భీక్’ రివాల్వర్ బరువు అర కిలో పైచిలుకే. మోయడానికి సుఖమే. గొట్టం పొట్టిది కాబట్టి గురి కుదరాలంటే సాధన కావాలి.

ఎలుగు ముందు .32

చీకట్లో మీదికొచ్చే ఎలుగును .32 తూటా అక్కడికక్కడే ఆపుతుందన్న నమ్మకం లేదు. గాయపడ్డ జంతువు మరింత ప్రమాదం. పైగా లైసెన్సు ఉన్నంత మాత్రాన వేటాడే హక్కు రాదు. ప్రాణం కాపాడుకోవడానికి సదుద్దేశంతో కాలిస్తే నేరం కాదని 1972 నాటి వన్యప్రాణి చట్టం చెబుతున్నా, ఆ జంతువు కళేబరం మాత్రం ప్రభుత్వ ఆస్తే.

ఇంట్లోనే అసలు పరీక్ష

2016 నిబంధనల ప్రకారం ఆయుధాన్ని వాడటంలో శిక్షణ పొందాలి. ఇంట్లో భద్రంగా దాస్తానని హామీ ఇవ్వాలి. బయటికి తీసుకెళ్తే హోల్‌స్టర్‌లోనే ఉండాలి. పెళ్లి ఊరేగింపులో సరదాకి పేలిస్తే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. ఎన్నికలొస్తే స్క్రీనింగ్ కమిటీ చెప్పినవారు స్టేషన్‌లో అప్పగించాల్సిందే. అది పంట చేతికొచ్చే కాలమైతే కాపలా మళ్లీ మంచెకే వస్తుంది.

పిల్లలు తిరిగే ఇంట్లో తాళం పడే బీరువా లేకపోతే ఏ తుపాకీ అయినా జంతువు కంటే ముందు ఇంటివాళ్లకే ముప్పు. చేనుకు పోయేవాళ్లకు ఇప్పటికీ అక్కరకొచ్చేది దూరం పడే టార్చి, డప్పు చప్పుడు, పక్కన ఇంకో మనిషి. వీటికి లైసెన్సు అక్కర్లేదు.