మిద్దె మీది మోటారు... ఉపగ్రహం మీద చూపు

మనం ఐఎస్ఎస్ అని పిలుచుకునే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం రోజుకు నాలుగైదు సార్లు మా చందుర్తి ఆకాశంలోకి వస్తుంది. కొన్నిసార్లు కోరుట్ల దిక్కున లేచి వేములవాడ దిక్కున దిగిపోతుంది. భూమికి 400 కిలోమీటర్ల పైన, సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు మించిన వేగంతో పోతుంది కాబట్టి ఈ మూల నుంచి ఆ మూలకు దాటడానికి మహా అయితే పది పదకొండు నిమిషాలు. దాంట్లో ఒక హ్యామ్ రేడియో రిపీటర్ ఉంది. 145.990 మెగాహెర్ట్జ్‌లో మనం మాట్లాడితే విని, అదే మాటను 437.800లో కిందికి పంపిస్తుంది. ఆ సమయానికి ఎవరి యాంటెన్నా దాని వైపు చూస్తుంటే వాళ్లకు మన మాట వినపడుతుంది.

ఆ పది నిమిషాలూ యాంటెన్నాను ఉపగ్రహం వైపే తిప్పుతూ ఉండే యంత్రం పేరు రొటేటర్. ఒక మోటారు దిక్కు మారుస్తుంది, ఇంకోటి ఎత్తు మారుస్తుంది. నేను వారమంతా హైదరాబాద్‌లో కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. నా స్టేషన్ మాత్రం ఊళ్లో మా ఇంటి మిద్దె మీద ఉంది. నేను లేనప్పుడు కూడా అది వచ్చే ఉపగ్రహాలను వింటూ, రికార్డు చేస్తూ ఉండాలి. అందుకే చేత్తో పట్టుకుని తిప్పే పద్ధతి వదిలి రొటేటర్ దారి పట్టా.

అది మొదటిసారి తిరిగిన రోజు మా కాక మెట్లెక్కి వచ్చి చాలాసేపు చూసిండు. ఇరవై ఏండ్లు గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మనిషి. "గిది దానంతటదే తిరుగుతాంది, దీంతోని దుబాయికి మాట్లాడొచ్చారా?" అన్నడు. మాట్లాడొచ్చు కాకా, కాకపోతే అవతల కూడా లైసెన్స్ ఉన్న హ్యామ్ ఉండాలె అన్నా. "అయితే ఫోనే నయం" అని దిగిపోయిండు.

కాక అడిగింది చిన్న ప్రశ్నేం కాదు. రొటేటర్ ఎంపిక మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. మా ఊరి నుంచి దుబాయి దాదాపు 2500 కిలోమీటర్లు. ఐఎస్ఎస్ అరేబియా సముద్రం మీద సరిగ్గా నడిమధ్యలో ఉందనుకోండి, మాకూ వాళ్లకూ ఆకాశంలో దాదాపు 12 డిగ్రీల ఎత్తులో మాత్రమే కనిపిస్తుంది. అంటే చెట్ల కొమ్మల మీదుగా చూస్తున్నట్టే. దూరపు వాళ్లతో మాట కలిసేది ఎప్పుడూ ఇలా దిగువన ఉన్నప్పుడే. పైగా దిగంతం దగ్గర ఉపగ్రహం మనకు 2300 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, నడినెత్తికి వచ్చేసరికి 400కు తగ్గుతుంది. సిగ్నల్ బలంలో తేడా ముప్పై రెట్లు. బలమైన యాంటెన్నా, దాని గురి అవసరమయ్యేది దిగువన. నడినెత్తిన ఉన్నప్పుడు యాంటెన్నా కాస్త పక్కకు చూసినా పని నడుస్తుంది.

అందుకే రొటేటర్ కొంటామని అడిగేవాళ్లకు నేను మొదట చెప్పేది: ఎత్తు మార్చే మోటారు లేకుండా మొదలుపెట్టండి. యాంటెన్నాను 15 నుంచి 20 డిగ్రీలు పైకి వంచి బిగించి, దిక్కు ఒక్కటే తిప్పే మోటారు పెట్టుకోండి. ఉపగ్రహం మనకు కనిపించే సమయంలో ఎక్కువ భాగం దిగువనే గడుస్తుంది. ఏడు కడ్డీల యాగీ యాంటెన్నా చూపు దాదాపు 40 డిగ్రీల వెడల్పు ఉంటుంది. ఐదారు డిగ్రీలు తప్పినా వినేవాడికి తేడా తెలియదు. షాద్‌నగర్‌లో ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్లు భూపరిశీలన ఉపగ్రహాల నుంచి డేటా తీసుకునే 7.5 మీటర్ల డిష్‌ల సంగతి వేరు. వాటి చూపు డిగ్రీలో మూడో వంతు. కొంచెం తప్పినా ఫొటో పోయినట్టే. మన మిద్దె మీద ఆ లెక్కలు పెట్టుకుంటే అనవసరంగా జేబు ఖాళీ అవుతుంది.

కొనాలా, చేసుకోవాలా?

రెండు మోటార్లున్న రెడీమేడ్ రొటేటర్లలో ప్రపంచమంతా తెలిసిన పేరు యేసు జీ-5500. దిక్కు 450 డిగ్రీలు, ఎత్తు 180 డిగ్రీలు తిరుగుతుంది. ఈ అంకెలు ఊరికే పెట్టలేదు. దిక్కు మోటారు 360 దగ్గరే ఆగేదైతే, ఉపగ్రహం ఆ గీత దాటగానే వెనక్కి ఒక పూర్తి చుట్టు తిరగాలి. దానికి నిమిషం పోతుంది. పది నిమిషాల్లో నిమిషం అంటే తక్కువా? ఇక 180 డిగ్రీల ఎత్తు ఎందుకంటే, ఉపగ్రహం సరిగ్గా నెత్తి మీదుగా పోతే దిక్కు ఒక్కసారిగా అటునుంచి ఇటు మారిపోతుంది. యాంటెన్నా అలాగే వెనక్కి వాలగలిగితే దిక్కు మోటారుకు ఆ తిప్పలు ఉండవు.

మంచి యంత్రమే, కాదనను. కానీ ధర అమెరికాలోనే ఎనిమిది వందల డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. రవాణా, సుంకం కలిపితే లక్ష రూపాయలకు అటుఇటు. అంత పెట్టాక లోపల ఒక పళ్లచక్రం విరిగితే? స్పేర్ పార్టు విదేశం నుంచి రావాలి. వానాకాలం మొత్తం యాంటెన్నా ఒకే దిక్కు చూస్తూ కూర్చుంటుంది. నా మట్టుకు నేను రొటేటర్‌ను చూసే చూపు ఇదే: సిరిసిల్లలో బాగుచేయగలిగేదేనా, కాదా?

సిరిసిల్ల అంటే మరి వేల సాంచాలు నడిచే ఊరు. మోటారు వైండింగ్, బేరింగ్, పళ్లచక్రం, గ్రీజు... వీటితో బతికే చేతులు అక్కడ వీధికి నలుగురు. వాళ్లకు ఉపగ్రహం గురించి చెప్పక్కర్లేదు. "గంటకు రెండుసార్లు అటుఇటు తిరుగుతది, గాలికి కదలొద్దు" అంటే చాలు, ఏం కావాలో వాళ్లే చెప్తారు.

నేను దిక్కుకు పాత కారు వైపర్ మోటారు వాడా. 12 వోల్టులది, తుక్కు దుకాణంలో దొరుకుతుంది. దాని లోపల ఉండేది వార్మ్ గేర్. స్క్రూ లాంటి ఇరుసు పళ్లచక్రాన్ని తిప్పగలదు, చక్రం మాత్రం ఇరుసును తిప్పలేదు. కరెంటు ఆపేశాక గాలి యాంటెన్నాను నెట్టినా కదలదన్నమాట. బ్రేకు వేరే అక్కర్లేదు. దాని వేగం మనకు చాలా ఎక్కువ కాబట్టి ఇంకో వార్మ్ గేర్‌బాక్స్ తగిలించి నిమిషానికి ఒక చుట్టుకు తగ్గించా. ఎత్తుకు, ఒకప్పుడు కేబుల్ టీవీ వాళ్ల పెద్ద డిష్‌లను జరపడానికి వాడిన జాక్. పొడుగ్గా సాగి, ముడుచుకునే ఇనుప గొట్టం అది. 180 డిగ్రీలు తిరగదు గానీ 0 నుంచి 90 దాకా బ్రహ్మాండంగా ఎత్తుతుంది.

మెదడు భాగం నాకు అలవాటైన పనే. జీప్రెడిక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉపగ్రహం ఎక్కడుందో లెక్కగడుతుంది, హ్యామ్‌లిబ్ ఆ కోణాలను ఆర్డుయినో బోర్డుకు చేరవేస్తుంది. బోర్డు కోసం కే3ఎన్‌జీ అనే ప్రోగ్రాం రెడీగా, ఉచితంగా దొరుకుతుంది. మొదటి నుంచి కోడ్ రాయాలన్న సరదా ఉంటే తప్ప దాన్నే వాడుకోండి. మొత్తం అన్నీ త్రీడీ ప్రింటర్‌లో ముద్రించుకుంటామనే వాళ్లకు శాట్‌నాగ్స్ డిజైన్ ఉంది. 2014లో ఏథెన్స్‌లో ఒక హ్యాకథాన్‌లో పుట్టిన ప్రాజెక్టు అది, అదే ఏడాది హ్యాకడే ప్రైజ్ గెలిచింది. కొండగట్టు దగ్గరి జేఎన్టీయూ లాంటి కాలేజీ మిద్దెకు ఇది సరిగ్గా సరిపోతుందని నాకనిపిస్తుంది. ఒక్క మాట, ప్రింటు చేసిన ప్లాస్టిక్‌ను ఏది పడితే అది వాడొద్దు. మన ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, నల్లటి పెట్టె లోపల ఇంకా ఎక్కువ. మామూలు పీఎల్‌ఏ ప్లాస్టిక్ మే నెలలో మెత్తబడుతుంది.

అసలు పని నిలబెట్టుకోవడమే

కొన్న రొటేటరైనా, చేసుకున్నదైనా పాడయ్యే కారణాలు ఒకటే. పుస్తకాల్లో గాలి, నీరు అని రాస్తారు. మా దగ్గర జాబితాలో మొదటిది కోతి.

యాగీ అడ్డంగా నిలబడి ఉంటే కోతికి అది ఊయల. ఒక పెద్ద కోతి బూమ్ చివర వేలాడితే ఆ బరువంతా గేర్ పళ్ల మీద పడుతుంది. వార్మ్ గేర్ కదలదు కాబట్టి ఏదో ఒకటి విరగాల్సిందే. అందుకే విరిగేది ఏదో మనమే ముందుగా నిర్ణయించాలి. ఇరుసుకూ యాంటెన్నా గొట్టానికీ మధ్య నేను సన్నటి అల్యూమినియం బోల్టు పెట్టా. బరువు మీరితే అది తెగుతుంది, పళ్లు బతుకుతాయి. పది రూపాయల బోల్టు. ఇప్పటికి మూడు మార్చాం. ఇంకోటి, పని లేనప్పుడు యాంటెన్నాను నిట్టనిలువుగా ఆకాశం వైపు నిలబెట్టి ఉంచుతా. కోతికి వేలాడేందుకు పట్టు దొరకదు.

గాలికి కూడా ఇదే మంచిది. గంటకు వంద కిలోమీటర్ల గాలి ఒక చదరపు మీటరు మీద దాదాపు 50 కిలోల బరువుతో నెడుతుంది. వేగం రెట్టింపైతే ఆ ఒత్తిడి నాలుగు రెట్లు. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచిందంటే మొదట పోయేది కరెంటు. అప్పుడు యాంటెన్నాను నిలబెట్టాలంటే మోటారుకు బ్యాటరీ ఉండాలి. ఇన్వర్టర్ బ్యాటరీకి నేరుగా కలపడానికే 12 వోల్టుల మోటార్లు ఎంచుకున్నది. పిడుగుల సంగతి వేరే. దూరంగా ఉరిమినా కేబుళ్లు ఊడదీసి ఇంటి బయటే వదిలేయడం ఒక్కటే నాకు తెలిసిన ఉపాయం. నేను లేనప్పుడు ఆ డ్యూటీ బాపుది.

నీరు పైనుంచి వస్తుందనుకుంటాం గానీ చాలాసార్లు కేబుల్ వెంట పాకుతూ లోపలికి పోతుంది. కేబుల్ ఎప్పుడూ కింది నుంచి ఎక్కాలి, ఎక్కేముందు ఒక వంపు కిందికి వేలాడాలి. చుక్క అక్కడ రాలిపోతుంది. పెట్టె అడుగున ఒక చిన్న రంధ్రం ఉండాలి. దానికీ శత్రువుంది, కుమ్మరి పురుగు. మట్టి తెచ్చి రంధ్రాన్ని చక్కగా పూడ్చేస్తుంది, లోపల చెమ్మ నిలబడి లిమిట్ స్విచ్ తుప్పు పడుతుంది. సన్న జాలీ ముక్క అతికిస్తే సరి.

యాంటెన్నా కేబుల్ తిరిగే చోట వదులుగా పెద్ద చుట్టు వదలాలి. రెండు వైపులా చివరిదాకా తిప్పి, లాగుతోందా అని కళ్లతో చూడాలి. కోణం చెప్పే పొటెన్షియోమీటర్ రెండేళ్లకు అరుగుతుంది. తెరమీద అంకె వణకడం మొదలైతే మోటారును అనుమానించకండి, ముందు దాన్ని మార్చండి.

ఇక దిక్కు సరిచూసుకోవడం. దిక్సూచిని స్లాబు మీద పెడితే లోపలి ఇనుప చువ్వలు దాన్ని లాగేస్తాయి. ఫోన్‌లోదీ అంతే. సూర్యుడు అబద్ధం చెప్పడు. పొద్దున ఎనిమిదింటికి జీప్రెడిక్ట్‌లో సూర్యుడి కోణాలు చూసి యాంటెన్నాను అటు తిప్పమనండి. గురి సరిగ్గా ఉంటే బూమ్ నీడ పొడుగు పోయి, దాని వెనక చిన్న చుక్కలా పడుతుంది. మధ్యాహ్నం మాత్రం చేయొద్దు. మే నడుమ, మళ్లీ జులై చివర్లో సూర్యుడు మాకు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు, అప్పుడు దిక్కు తేలదు.

ఈ ఖర్చూ తిప్పలూ ఎందుకంటారా? 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6, కార్టోశాట్-1తో పాటు హ్యామ్‌శాట్ అనే నలభై రెండున్నర కిలోల చిన్న ఉపగ్రహాన్ని తీసుకుపోయింది. ప్రపంచంలో ఏ హ్యామ్ అయినా వాడుకోవచ్చని ఇస్రో ఇచ్చిన కానుక అది. తొమ్మిదేళ్లు పనిచేసి, 2014 జులైలో బ్యాటరీ దెబ్బతిని మూగబోయింది. నేను లైసెన్స్ తీసుకునేసరికి అది లేదు. ఇప్పుడు పైన తిరుగుతున్న చిన్న ఉపగ్రహాల్లో కాలేజీ పిల్లలు చేసినవీ ఉన్నాయి. వాటి ఆయుష్షు కూడా నెలలు, కొన్నేళ్లు. కింద వినేవాడు లేకపోతే అవి పంపే సమాచారం గాలిలో కలిసిపోయినట్టే.

వినడం దాటి మాట్లాడాలంటే కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే లైసెన్స్ తప్పనిసరి. 12 ఏళ్లు నిండిన ఎవరైనా పరీక్ష రాయొచ్చు. హైదరాబాద్ సోమాజిగూడలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, కొత్తవాళ్లు అక్కడ అడిగి తెలుసుకోవచ్చు.

మోటార్లు, గ్రీజు, కోతులు ఇవేవీ వద్దనేవాళ్లకు ఒక దారి ఉంది. ఖతార్ వాళ్ల ఎస్‌హైల్-2 ఉపగ్రహం మీద క్యూవో-100 అనే హ్యామ్ రిపీటర్ 2018 నవంబరు నుంచి అంతరిక్షంలో ఉంది. భూస్థిర కక్ష్య కాబట్టి ఆకాశంలో కదలదు. మా ఊరి నుంచి పడమర దిక్కున, కొద్దిగా దక్షిణానికి, దాదాపు 27 డిగ్రీల ఎత్తులో ఎప్పుడూ అక్కడే ఉంటుంది. పాత టీవీ డిష్‌ను అటు బిగిస్తే గల్ఫ్ మొత్తం, యూరప్, ఆఫ్రికా ఇరవై నాలుగ్గంటలూ వినపడతాయి. డిష్ దొరికింది, గోడకు క్లాంపులు కూడా వేశాం. కాకకు ఈ సంగతి చెప్తే, "మరి గా తిరిగేదాన్ని తీసేస్తవా?" అన్నడు. తీసేయను. మృగశిర కార్తెలోపు దాని జాక్ దించి, పాత గ్రీజు కడిగి, కొత్తది పెట్టాలి.