పేరు మనదే, అప్పు మనది కాదు: క్రెడిట్ రిపోర్టులో తప్పులు దిద్దించుకోవడం

మన సంఘం ఇచ్చే ఉపకార వేతనం పెద్ద చదువుల ఫీజులో కొంత భాగానికే సరిపోతుందని దాతలందరికీ తెలిసిన విషయమే. మిగిలిన దానికి కొందరు తల్లిదండ్రులు బ్యాంకులో విద్యారుణం అడుగుతారు. అక్కడ పిల్లల మార్కులతో పాటు తండ్రి ‘సిబిల్’ కూడా చూస్తారు. అందులో తప్పు ఉంటే, మీరిచ్చిన సాయం చేతిలో ఉన్నా సీటు చేజారవచ్చు.

సిబిల్ అనేది నిజానికి ఒక కంపెనీ పేరు. మన దేశంలో ఇటువంటివి నాలుగు ఉన్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. 2005 నాటి చట్టం కింద, రిజర్వు బ్యాంకు పర్యవేక్షణలో ఇవి పనిచేస్తాయి. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు పంపే వివరాలను మనిషి వారీగా ఒకచోట చేర్చి, 300 నుంచి 900 మధ్య స్కోరు ఇస్తాయి.

ఈ చేర్చడంలోనే మన పేర్లకు చిక్కు వస్తుంది. షేక్ ఇంటిపేరు, బాషా పేరు ఉన్నవారు ఒక్కో ఊరిలో ఎంతమంది ఉంటారో మీకు తెలుసు. ఒకే మనిషి ఆధార్‌లో మహమ్మద్, పాన్ కార్డులో మొహమ్మద్, పాసుపుస్తకంలో ఎం.డి. అయి ఉంటాడు. ఇక పుట్టిన తేదీ సంగతి. ఇంట్లో తేదీ రాసిపెట్టుకోని రోజుల్లో బడిలో చేర్చేటప్పుడు జూన్ 1 అనో, జూలై 1 అనో వేసేవారు. పాత అడ్మిషన్ రిజిస్టరు తిరగేస్తే ఊళ్లో సగం మంది ఒకేరోజు పుట్టారా అని మాకు నవ్వొస్తుంది. కానీ పేరూ తేదీ రెండూ కలిసిన ఇద్దరి అప్పులు కంప్యూటరులో ఒకరి లెక్కలోకే వెళితే అది నవ్వులాట కాదు. పాన్ నంబరులో ఒక్క అక్షరం తప్పు కొట్టినా ఇదే ప్రమాదం.

మాకు తెలిసిన ఒక దర్జీ కూతురికి కాలేజీలో సీటు వచ్చింది, రుణం మాత్రం రాలేదు. రిపోర్టు తీయిస్తే, ఆయన ఎన్నడూ అడుగుపెట్టని ఊరిలో తీసుకున్న మోటారుసైకిలు ఫైనాన్సు, కట్టని వాయిదాలతో సహా, ఆయన పేరు మీద ఉంది. ఆయనకు సైకిలు తప్ప మరో బండి లేదు. నెలలోపే తప్పు తొలగింది గానీ ఈలోగా ఫీజు గడువు వచ్చేసింది. మొదటి విడత మన దాతల్లో ఒకరు కట్టారు కాబట్టి ఆ అమ్మాయి చదువు ఆగలేదు.

కాబట్టి అవసరం రాకముందే రిపోర్టు చూసుకోవాలి. నాలుగు కంపెనీలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. అందులో పేరు, పాన్, పుట్టిన తేదీ, చిరునామా సరిచూసి, తర్వాత ఒక్కొక్క అప్పూ చదవాలి.

తప్పు కనబడితే ఆ కంపెనీ వెబ్‌సైటులోనే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. రుసుము లేదు. అయితే అప్పు వివరాలను ఆ కంపెనీ తనంతట తాను మార్చలేదు. వాటిని పంపిన బ్యాంకు ఒప్పుకోవాలి. అందుకని బ్యాంకుకు కూడా పాన్, ఆధార్ నకళ్లు జతచేసి ఉత్తరం ఇచ్చి, రసీదు తీసుకోవడం మంచిది. నోటిమాటగా చెప్పి వస్తే లెక్కలోకి రాదు. బ్యాంకు 21 రోజుల్లో సరిచేసిన వివరాలు పంపాలి, మొత్తం వ్యవహారం 30 రోజుల్లో తేలాలి. అది దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున, ఆలస్యం ఎవరిదైతే వారు, ఫిర్యాదుదారుకు పరిహారం చెల్లించాలని 2023లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అప్పటికీ పని కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దీని గురించి 14448 నంబరులో అడగవచ్చు.

తీర్చేసిన అప్పు ఇంకా బాకీగానే కనబడటం మరో సాధారణమైన తప్పు. నో డ్యూ సర్టిఫికెట్ దాచుకున్నవారికి ఇది తేలిక. కానీ కొంత తగ్గించి కట్టి రాజీ చేసుకున్న అప్పు ‘సెటిల్డ్’ అని ఉంటే అది తప్పు కాదు, నిజం. డబ్బిస్తే అటువంటివి చెరిపేస్తామని చెప్పే ఏజెంట్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. నిజమైన నమోదును చెరిపే దారి వారి దగ్గరా లేదు.

వడ్డీ అప్పు జోలికే వెళ్లని మాకెందుకు ఇదంతా అని కొందరు పెద్దలు అడిగారు. వారి నియమాన్ని గౌరవిస్తాము. అయితే ఇతరుల అప్పు వచ్చి పడేటప్పుడు ఆ నియమం చూసి ఆగదు. పైగా మీలో చాలామంది బంధువులకో, పనివాళ్లకో జామీను సంతకం పెట్టి ఉంటారు. ఆ అప్పు మీ రిపోర్టులో కూడా ఉంటుంది, వారు వాయిదా ఎగ్గొడితే మీ స్కోరు పడుతుంది. దాన్ని ఫిర్యాదుతో తొలగించలేము. బాకీ తీరాలి, తీరాక ‘క్లోజ్డ్’ అని పడిందో లేదో మరుసటి నెల రిపోర్టు తీసి చూసుకోవాలి.